పాచికి పట్టా

కోరాడ సన్యాసిరావు పళ్ళు కట్టేవాడు. డాక్టరు కాదు, డాక్టర్లు పీకేసిన చోట పెట్టుకునే సెట్లు తయారుచేసేవాడు. సాగరపురంలో అరవై దాటినవాళ్ళు పెళ్ళిభోజనంలో గారె కొరికారంటే ఆ పుణ్యంలో కనీసం సగం అతనిది. చేతిపని మనిషి, మాట తక్కువ, ఎవరి జోలికీ పోడు. అలాంటివాడికి పురపాలక సంఘంవారు 'పచ్చదన విధ్వంసం' కింద నోటీసు ఇచ్చారంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. అతని ఇంట్లో మొక్కన్నదే లేదని తెలిసినవాళ్ళు అసలే నమ్మలేదు.

ఉన్నదల్లా హాల్లో ఒక గాజుతొట్టె. మామూలు చేపల తొట్టె కాదు, ఉప్పునీళ్ళది. నాలుగడుగుల పొడవు. లోపల రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగేదేగా అని అడిగేవాళ్ళకి సన్యాసిరావు ఓపిగ్గా చెప్పేవాడు.

"కాదండీ, ఇవి బతికున్నవి. పగలు విచ్చుకుంటాయి, చీకటి పడితే ముడుచుకుంటాయి. అలిగితే నాలుగు రోజులు మొహం చూపించవు."

"అచ్చం ఈయన్లాగే" అనేది భార్య లీలావతి, కాఫీ అందిస్తూ.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్న వ్యాపారి దగ్గర బొటనవేలంత ముక్కలు కొని, తొమ్మిదేళ్ళు పెంచాడు. ఇప్పుడు వాటిలో పెద్దది అప్పడమంత విప్పారింది. నారింజరంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు పగలంతా దాని మడతల్లో పొర్లుతూ ఉండేవి. పొద్దుటినుంచి ప్లాస్టర్ దవడలతో గడిపిన మనిషికి, సాయంత్రం ఆ రెండూ పొర్లడం చూస్తే భుజాల బిగువు సడలేది.

ఆ సుఖానికి పాచి పట్టింది. మాటవరసకి కాదు, నిజంగానే పట్టింది.

భార్యాభర్తలు పలాసలో పెళ్ళికెళుతూ చేపలకి మేత వెయ్యమని పక్కింటి సూరమ్మగారికి అప్పజెప్పారు. ఆవిడ చెయ్యి పెద్దది. పదిరోజుల మేత రెండురోజుల్లో పెట్టేసి, తక్కిన ఎనిమిది రోజులూ ఇంట్లో అటుకులు వేసింది. తిరిగొచ్చేసరికి రాళ్ళకి పచ్చటి నూగు. వారానికి అది జుట్టయింది. నెలకి ఏ రాయి ఎక్కడుందో తెలియలేదు. జుట్టు పగడాల మెడలదాకా వచ్చింది. సన్యాసిరావు పళ్ళబ్రష్షు తీసుకుని రోజూ ఓ గంట తోమేవాడు. తోమిన చోట మూడోరోజుకి మళ్ళీ మొలిచేది.

"పగలు ఊరివాళ్ళ పళ్ళు, సాయంత్రం రాళ్ళ పాచి" అని నిట్టూర్చేది లీలావతి. "నా జన్మకి బ్రష్షు తప్ప వేరే నగ లేదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే సాగరపురానికి పచ్చదనం మీద ప్రేమ పుట్టింది.

పుట్టడానికి కారణం పక్క ఊరు. జిల్లా పోటీలో దానికి 'హరిత పట్టణం' అని డాలు ఇచ్చారు. సాగరపురం పెద్దలు ఆ డాలుని ఫోటోలో చూశారు. చూసిన మూడోరోజున ఎనభై ఎనిమిదో నంబరు ఉత్తర్వు వెలువడింది. ప్రతి ఇంటా నలభై చదరపుటడుగుల పచ్చదనం ఉండి తీరాలి. లేని ఇంటికి నీళ్ళు రాకుండా కుళాయి బిగించడమవుతుంది. 'పచ్చదనం అనగా నివాస ప్రాంగణమందు ప్రాణముతో ఉండి, పెరుగుచు, ఆకుపచ్చ వర్ణము కలిగినది ఏదైనను' అని నిర్వచనం కూడా ఇచ్చారు. చిలకల్ని పెంచేవాళ్ళు కొందరు వివరణ కోరగా, చిలక ఎగిరిపోయే అవకాశం ఉన్నందున దానిని తాత్కాలిక పచ్చదనంగా మాత్రమే పరిగణించగలమని జవాబొచ్చింది.

పథకం అమలుకి వార్డుకో హరిత పర్యవేక్షకుణ్ణి వేశారు. సన్యాసిరావు వార్డుకి వచ్చినవాడు చింతాడ పురుషోత్తం. సన్నటి మనిషి, మెడలో టేపు, చంకలో రిజిస్టరు. లంచం తీసుకోడు. ఆఫీసులో అతని గురించి ఇంతకన్నా చెడ్డమాట ఎవరూ చెప్పలేకపోయారు.

ఒక ఉదయం అతను మూడో అంతస్తు ఎక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి, నిలబడే రిజిస్టరు తెరిచాడు.

"ఇంట్లో పచ్చదనం?"

"లేదండీ" అన్నాడు సన్యాసిరావు. "బాల్కనీ లేదు. ఎండ రాదు."

"ఉత్తర్వులో ఎండ ప్రస్తావన లేదు. తులసి?"

"రెండుసార్లు తెచ్చాను బాబూ, రెండుసార్లూ ఎండిపోయింది" అంది లీలావతి.

"గతించిన పచ్చదనం లెక్కకి రాదమ్మా."

లీలావతి ఆలోచించింది. "ఫ్రిజ్‌లో కొత్తిమీర ఉంది."

పురుషోత్తం కళ్ళు మెరిశాయి. "వేళ్ళున్నాయా?"

"పొద్దున్నే కోసేశాను."

అతను నిజంగానే బాధపడ్డాడు. వారం గడువిస్తున్నాననీ, ఆ తర్వాత కుళాయి బిగించడం తన చేతుల్లో లేదనీ, బిగించేది మాత్రం తన చేతులతోనేననీ చెప్పి, వెళ్ళబోతూ గోడవైపు తిరిగి ఆగిపోయాడు.

"అదేమిటి?"

"పాచండీ" అన్నాడు సన్యాసిరావు సిగ్గుపడుతూ, ఇల్లు ఊడవనివాళ్ళ ఇంటికి చుట్టం వచ్చినట్టు.

"ప్రాణముందా?"

"నా ప్రాణం తీస్తోంది."

"పెరుగుతోందా?"

"అడక్కండి."

పురుషోత్తం గాజుకి ముక్కు ఆనించి చూశాడు. "వర్ణం ఆకుపచ్చే" అన్నాడు మెల్లగా.

తర్వాత రెండు గంటలు కొలతలు సాగాయి. రాళ్ళ ముందువైపు, వెనకవైపు, పక్కలు అన్నీ కలిపినా పన్నెండు చదరపుటడుగులే తేలింది. లీలావతి మొహం చిన్నబోయింది. కానీ పురుషోత్తం నిజాయితీపరుడు. ప్రజలకి రావలసినది ఒక్క అంగుళం కూడా తగ్గనివ్వడు. ఆకుకి రెండువైపులా కొలవవచ్చునని అనుబంధంలో ఉంది. పాచిది ఆకు కాదు, వెంట్రుక. దాని చుట్టూ కొలవాలి. సన్యాసిరావు పళ్ళ పనికి వాడే భూతద్దం తెచ్చిచ్చాడు. ఒక అంగుళంలో రెండువందల పన్నెండు పోగులు లెక్కించి, పొడవుతో హెచ్చవేస్తే మొత్తం అరవై ఒక్క చదరపుటడుగులు వచ్చింది.

"ఇరవై ఒకటి మిగులు!" అన్నాడు పురుషోత్తం. "మన వార్డులో మిగులున్న మొదటి ఇల్లు మీదే."

లీలావతి అతనికి ఉప్మా పెట్టింది. ఇన్నాళ్ళకి పాచి ఒక పనికొచ్చిందని మొగుడూ పెళ్ళాం నవ్వుకున్నారు. పురుషోత్తం తొట్టె గాజుకి ఒక రేకు ముక్క అంటించి వెళ్ళాడు. దానిమీద ఇలా ఉంది: 'హరిత స్థలము నం. 312. నరుకుట, పీకుట, మేపుట నేరము.'

ఆ రేకుని సన్యాసిరావు శ్రద్ధగా చదవలేదు. సంతోషంలో ఎవరు చదువుతారు?

ఆదివారం యథాప్రకారం బ్రష్షు తీశాడు. సగం రాళ్ళు తెల్లబడ్డాయి. పెద్ద పగడం చాలా రోజుల తర్వాత అంచులు విప్పింది. సోమవారం పురుషోత్తం తనిఖీకి వచ్చాడు. మంగళవారం నోటీసు వచ్చింది.

'మీ ప్రాంగణమందు నమోదైన హరిత స్థలము నం. 312లో దంతధావన కుంచె అను ఆయుధముతో ముప్పది చదరపుటడుగుల పచ్చదనమును నిర్మూలించినట్లు తెలియవచ్చినది. ఇట్టి విధ్వంసమునకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.'

సన్యాసిరావు కాగితం పట్టుకుని పురుషోత్తం దగ్గరికి పరిగెత్తాడు.

"అది పాచండీ! తోమకపోతే పగడాలు చచ్చిపోతాయి."

"తోమేముందు ఒక్క మాట అడిగుంటే బావుండేదండీ."

"అడిగితే ఒప్పుకునేవారా?"

"లేదు" అన్నాడు పురుషోత్తం నిజాయితీగా.

మొదటి తప్పు కనక హెచ్చరికతో వదిలారు. బ్రష్షు కుదరదు కాబట్టి సన్యాసిరావు లైటు తగ్గించాడు. వెలుగు లేకపోతే పాచి తనంతట తనే నీరసిస్తుంది. 'పచ్చదనమునకు వెలుతురు నిరాకరించుట' అని రెండో నోటీసు వచ్చింది. లైటు మళ్ళీ వేశాడు. పాచి నష్టపోయిన ముప్పై అడుగులూ పదిరోజుల్లో తెచ్చుకుని, మరో పది వడ్డీ కలిపింది.

ఇక మిగిలిన దారి నత్తలు. పాచి తినే సముద్రపు నత్తలు పన్నెండింటిని చేపల కొట్టువాడి ద్వారా తెప్పించాడు. బ్రష్షు కాదు, చీకటి కాదు. దేవుడు పుట్టించిన ప్రాణి, దాని తిండి అది తింటుంది. ఎవరు మాత్రం ఏమనగలరు?

పురుషోత్తం వచ్చి తొట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక నత్త గాజు మీద పాకుతూ, వెనకాల శుభ్రమైన దారి వదులుతూ పోతోంది.

"మేత" అన్నాడు పురుషోత్తం.

"అవి నత్తలండీ."

"నిషిద్ధ హరిత స్థలంలో మేస్తున్న ప్రాణిని ఏం చెయ్యాలో చట్టంలో ఒకటే మార్గముందండీ. ఏమనుకోకండి. అమ్మా, ఒక స్టీలు డబ్బా ఉందా? మూతున్నది."

ప్రాణులకి హాని కలగరాదని కూడా చట్టంలో ఉంది గనక, అతను డబ్బాలో తొట్టెనీళ్ళే పోసుకుని, నత్తల్ని ఒక్కొక్కటీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి అందులో వేసి, బందెలదొడ్డికి తోలుకుపోయాడు. తోలుకుపోయాడనే రిజిస్టర్లో రాశాడు.

సన్యాసిరావు ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు. బందెలదొడ్డిలో రెండు గేదెలు, ఒక మేకపోతు, వాటి మధ్య స్టీలు డబ్బా. డబ్బా ముందు ఎవరో ధర్మాత్ముడు పచ్చగడ్డి పరక ఒకటి పెట్టాడు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని ఫారం తీశాడు.

"ఏ పశువు?"

"నత్తలు. పన్నెండు."

"కాళ్ళెన్ని?"

"ఒక్కోదానికి ఒకటి. అదే దాని పొట్టానూ."

"కుంటివన్నమాట." రాసుకున్నాడు. "కొమ్ములున్నాయా?"

సన్యాసిరావు అబద్ధమాడే మనిషి కాదు. "రెండేసి ఉన్నాయండీ. ముట్టుకుంటే లోపలికి పోతాయి."

గుమాస్తా కలం ఆపి, మొదటిసారి గౌరవంగా డబ్బా వైపు చూశాడు. "పొడుస్తాయా?"

"ఇంతవరకూ లేదు."

'కొమ్ములుగల కుంటి పశువులు, పన్నెండు, సాధు స్వభావము' అని రాసి, కింద సంతకం చేయించుకున్నాడు. విడిపించుకుపోతున్న యజమాని ఇకముందు వాటి మూతులకి చిక్కం కట్టి ఉంచుతానని హామీ ఇవ్వాలి. సన్యాసిరావు హామీ ఇచ్చాడు. ఇంటికొచ్చి నత్తల్ని వేరే బకెట్లో వేశాడు. వాటికి పాచి లేదు. పాచికి వాటి బెడద లేదు. చట్టం ప్రకారం అందరూ క్షేమం.

పగడాలు మాత్రం క్షేమంగా లేవు. పెద్దది విప్పడం మానేసింది. చేపలు రెండూ దాని పక్కన, తాళం వేసిన ఇంటిముందు నిలబడ్డ చుట్టాల్లాగా ఎటు పోవాలో తెలియక ఊగుతూ ఉండేవి. ఒక సాయంత్రం సన్యాసిరావు అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు.

"ఏటలా ఉన్నారు?" అంది లీలావతి.

"తొమ్మిదేళ్ళు పెంచానే. కళ్ళముందే పోతోంది. చేతిలో బ్రష్షుంది, చెయ్యి పెట్టడానికి లేదు."

లీలావతి ఎప్పుడూ ఆ తొట్టెని సవతి అనే పిలిచేది. ఆ పూట అనలేదు. "కిందివాళ్ళతో ఏం లాభం? పైకి వెళ్ళి చెప్పుకుందాం. పెద్దవాళ్ళకి అర్థమవుతుంది" అంది.

పెద్దవాళ్ళంటే ఉప హరిత సంచాలకురాలు శ్రీమతి వేలూరి హైమవతి. ఆవిడ గదినిండా మొక్కలు. అన్నీ ప్లాస్టిక్‌వే, బంట్రోతు వాటిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. హైమవతి చదువుకున్న మనిషి, ఎదుటివాడి మాట పూర్తిగా వింటుంది. సన్యాసిరావు బతుకులో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. పాచి గురించి, పగడాల గురించి, చేపల గురించి. వింటున్నకొద్దీ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. అర్థమైందనే అనుకున్నాడు పాపం.

"అంటే మీరు తోమినా, ఆర్పినా, మేపినా మళ్ళీ పెరుగుతుందా?"

"పెరుగుతుందండీ! అదే కదా నా గోడు."

"నీళ్ళు పొయ్యకుండా? మట్టి లేకుండా? ఎండ లేకుండా?"

"అవునండీ."

హైమవతి లేచి నిలబడింది. "సన్యాసిరావుగారూ, నాటిన పన్నెండువేల మొక్కల్లో మాకు బతికినవి నాలుగువందలు. మేము వెతుకుతున్న మొక్క మీ ఇంట్లో ఉంది. మనం పీల్చే ప్రాణవాయువులో సగం సముద్రపు నాచులాంటి వాటి చలవేనని మీకు తెలుసా?"

"తెలుసండీ. కానీ పగడాలు..."

"వాటి వర్ణం?"

"పెద్దది గోధుమరంగు. చిన్నది ఊదా."

"అవి పథకం పరిధిలోకి రావు" అంది ఆవిడ జాలిగా.

అర్జీ మీద ఆవిడ రాసిన ఉత్తర్వు ఇది: 'స్థలము నం. 312ను ఆదర్శ హరిత క్షేత్రముగా ప్రకటించడమైనది. క్షేత్రస్థాయి సిబ్బంది వారము వారము నీరు, ఎరువు (యూరియా, అరచెంచా) అందించి, అభివృద్ధి నివేదిక సమర్పించవలెను.'

గురువారం పొద్దున్నే కింద ట్యాంకరు హారను మోగింది. మూడంతస్తులూ మెట్లమీదుగా గొట్టం లాక్కుంటూ పురుషోత్తం పైకొచ్చాడు, చెమటలు కక్కుతూ. ఇంకో చేతిలో యూరియా పొట్లం.

లీలావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అవి ఉప్పునీళ్ళ ప్రాణులు బాబూ. మంచినీళ్ళు పోస్తే చచ్చిపోతాయి."

"మంచినీళ్ళు పోస్తే చచ్చిపోవడమేమిటమ్మా!"

"నీకు సముద్రం నీళ్ళు పట్టిస్తే ఎలా ఉంటుందో, వాటికి ఇదీ అంతే."

పురుషోత్తం ఆలోచనలో పడ్డాడు. అందులో న్యాయం కనిపించింది.

"పోసినట్టు రాసేసుకో" అంది లీలావతి. "ఎవరు చూడొచ్చారు?"

"రాయలేనమ్మా. పొయ్యంది పోసినట్టు ఎలా రాస్తాను?"

"పోనీ ఏదైనా తీసుకో..."

"అయ్యో, అలాంటిది లేదమ్మా."

"దేవుడా!" అంది లీలావతి. "ఊరందరికీ లంచగొండుల్ని ఇచ్చి మాకు ఇతన్ని ఇచ్చావా!"

అరగంట తర్జనభర్జనల తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. 'నీరు' అన్నారు గాని 'మంచినీరు' అనలేదు గనక, సన్యాసిరావు కలిపి ఉంచిన ఉప్పునీళ్ళే ఒక చెంబెడు పురుషోత్తం తన చేత్తో పోశాడు. కానీ ఎరువు దగ్గర దారి దొరకలేదు. యూరియా అని స్పష్టంగా ఉంది, అరచెంచా అని కూడా ఉంది. సన్యాసిరావు తొట్టె మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఉత్తర్వుకి అడ్డొస్తే కుళాయి బిగించక తప్పదనీ, కింద నాలుగిళ్ళకీ అదే గొట్టమనీ పురుషోత్తం గుర్తుచేశాడు. రెండో ఇంట్లో బాలింత ఉంది. చేతులు మెల్లగా దిగాయి.

అరచెంచా యూరియా నీళ్ళలో కరిగిపోతుంటే సన్యాసిరావు వంటింట్లోకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి సగం నీళ్ళు తోడి మార్చాడు; నీళ్ళు మార్చకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. అయినా వారం తిరిగేసరికి ఊదారంగు చిన్న పగడం కరిగి, జిగురై, జారిపోయింది. దాన్ని చెంచాతో తీసి సంపంగి చెట్టు మొదట్లో పెట్టడానికి కిందికి వెళ్ళినవాడు, గంటదాకా పైకి రాలేదు.

రెండు వారాలు, రెండు ఎరువులు. మూడో వారానికి తొట్టెలో కొత్త సంగతి ఒకటి జరిగింది. ఎరువు తిని బలిసిన నీళ్ళలో ఇంకో రకం పాచి పుట్టింది. ఇది జుట్టులా ఉండదు; మీగడలా ఉంటుంది, దుప్పటిలా పరుచుకుంటుంది. రాళ్ళ మీద, పచ్చజుట్టు మీద, గాజు మీద, ఇసక మీద, మూడురోజుల్లో తొట్టె అంతా కప్పేసింది. రంగు మాత్రం ఎరుపు. పండిన తాంబూలం ఎరుపు.

సన్యాసిరావు ఆశ వదిలేశాడు. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలికోసం తన్నుకుంటున్నాయి. పెద్ద పగడం పిడికిలంత ముడుచుకుపోయింది. గురువారం పురుషోత్తం యూరియా పొట్లంతో లోపలికొచ్చి, తొట్టె చూసి, పొట్లం బల్లమీద పెట్టేశాడు.

"పచ్చదనం ఏదండీ?"

"దానికింద ఉంది."

పురుషోత్తం వంగి చూశాడు. ఎరుపు తప్ప ఏమీ లేదు. అతని మొహానికి ఎదురుగా, గాజు మీద ఎరుపు పట్టని పైఅంచులో, చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఇదేమిటి, ఇలా చేస్తోంది?"

"ఊపిరాడక" అన్నాడు సన్యాసిరావు. "అది ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. ఇంకో రెండు రోజులు."

"నా ఎరువు వల్లేనా?"

సన్యాసిరావు బల్లమీది యూరియా పొట్లం తీసి తొట్టెకి దూరంగా పెట్టాడు.

పురుషోత్తం కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఉత్తర్వుల పుస్తకం తీసి మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టాడు. అనుబంధాలు చదివాడు, సవరణలు చదివాడు, చిలకల గురించిన వివరణ రెండుసార్లు చదివాడు. లీలావతి తెచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి తలెత్తాడు.

"ఎరుపుకి కాలమ్ లేదండీ."

"అంటే?"

"పచ్చగా ఉన్నదాన్నే నేను కాపాడాలి. ఇక్కడ పచ్చగా ఉన్నది నాకు కనబడ్డం లేదు. కనబడనిదాన్ని ఉందని రాయలేను." ఒక్కో మాటా తూచి అంటున్నాడు. "ఎరుపు మీద మా శాఖకి ఏ అధికారమూ లేదు. ఇంటి యజమాని తన ఇంట్లో ఎరుపుని తోముకుంటే అడగడానికి నేనెవర్ని?"

సన్యాసిరావుకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. లీలావతికి పట్టలేదు. ఆవిడ అప్పటికే చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, బకెట్లు తెస్తోంది.

"దాంతోపాటు కిందున్నది కూడా ఊడొస్తే?" అన్నాడు సన్యాసిరావు.

పురుషోత్తం లేచి, తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. గోడమీద కేలండరుంది. "ఈ కేలండర్లో పండగలన్నీ చూసుకోవాలి. ఓ మూడు గంటలు పడుతుంది. ఇంకో టీ ఉంటే ఇయ్యమ్మా" అన్నాడు.

ఆ మూడు గంటలూ మొగుడూ పెళ్ళాం చెయ్యి ఆపలేదు. ఎర్రటి పొరని గొట్టంతో లాగేశారు. రాళ్ళని ఒక్కొక్కటే బకెట్లోకి తీసి తోమారు. పచ్చజుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడొచ్చింది. లీలావతి చేతిలో బ్రష్షు, సన్యాసిరావు చేతిలో పళ్ళ సందుల్లో చెక్కే సన్నటి పనిముట్టు. పగడం చుట్టూ మాత్రం ఆమెని తాకనివ్వలేదు. తనే, ఊపిరి బిగబట్టి, పోగు తర్వాత పోగు లాగాడు. మూడువంతుల నీళ్ళు మార్చారు. పన్నెండు నత్తల్నీ బకెట్లోంచి తెచ్చి రాళ్ళమీద పెట్టారు. చేపలు మెల్లగా కిందికి దిగాయి.

"అయిందా?" అన్నాడు పురుషోత్తం గోడతో.

"అయింది."

ఇటు తిరిగాడు. తొట్టెలో తెల్లటి రాళ్ళు, తేట నీళ్ళు. చూసినంతసేపు చూసి రిజిస్టర్లో రాశాడు: 'పచ్చదనము ఎరుపు కిందకు పోయినది. ఎరుపును గృహస్థు తొలగించినాడు. పచ్చదనము తిరిగి కనబడలేదు.' మూడు వాక్యాలు, అన్నీ నిజమే. రేకు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. కుళాయి సంగతి అడిగితే, ఆదర్శ క్షేత్రం గనక ఏడాదిపాటు మినహాయింపు ఉందనీ, ఆ ఉత్తర్వుని రద్దుచేసే ఉత్తర్వు ఇంకా పుట్టలేదనీ చెప్పాడు.

ఆఫీసులో పెద్ద గొడవే అయింది. ఆదర్శ హరిత క్షేత్రం మాయమవడానికి కారణం ఎరుపని తేలాక, ఎరుపు ఏ శాఖ కిందికి వస్తుందన్నది అగ్నిమాపక శాఖకి రాసి అడిగారు. వాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు. హైమవతి చాలా బాధపడి, ఆ పాచిని ఊరంతా నాటించాలనుకున్న పథకం ఫైలుని దుమ్ము దులిపే బంట్రోతుకి అప్పజెప్పింది. పురుషోత్తాన్ని హరిత విధుల నుంచి తప్పించి జనన మరణాల సెక్షన్లో వేశారు. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

పెద్ద పగడం పన్నెండో రోజున ఒక అంచు విప్పింది. నెలకి అంతా విప్పింది, మునుపటంత కాదు గాని, చేపలు పొర్లడానికి సరిపోయేంత. సన్యాసిరావు ఇప్పుడు మేత కొలిచి వేస్తున్నాడు. ఊరెళ్ళాల్సొస్తే సూరమ్మగారికి చెప్పకుండా వెళుతున్నారు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పురుషోత్తం వచ్చాడు. మెడలో టేపు లేదు. తొట్టె ముందు కూర్చుని చేపల్ని చూసి, కాఫీ తాగి, వెళ్ళకుండా తచ్చాడాడు.

"ఏం పురుషోత్తంగారూ, ఏదో చెప్పబోతున్నారు?" అన్నాడు సన్యాసిరావు.

"మీ చేపల్ని చూసి చూసి మనసాగక, నేనూ ఒక చిన్న తొట్టె పెట్టానండీ" అన్నాడు అతను సిగ్గుపడుతూ. "రెండు వారాలై రాళ్ళమీద పచ్చగా నూగు వస్తోంది."

"ఇంకేం, వెంటనే తోమెయ్యండి!"

"మొన్న మా వార్డు పర్యవేక్షకుడు తనిఖీకి వచ్చి చూసేశాడు. రేకు కూడా అంటించాడు."

లీలావతి వంటింట్లోంచి తల బయటపెట్టింది. "అతనేమైనా తీసుకునే మనిషేనా?" అంది ఆశగా.

పురుషోత్తం తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా" అన్నాడు దిగులుగా. "నాకంటే నిజాయితీపరుడు."